గ్యారేజ్‌లో నిలబడిపోయిన కారు

ఉత్తరం

ఈసారి వచ్చిన ఉత్తరం పొడవైనది. రాసినవారి వివరాలు, కారు పేరు తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆయనకు 46 ఏళ్లు. రెండేళ్ల క్రితం ఒక రెండు సీట్ల స్పోర్ట్స్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. అప్పటికే దానికి ఏడేళ్లు. సీట్ల వెనక ఇంజన్, రెండు క్లచ్‌లతో తనంతట తానే గేర్లు మార్చే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్, 400 పైచిలుకు హార్స్‌పవర్. ఓడోమీటర్ మీద 14,200 కిలోమీటర్లే ఉండటం చూసి, కొత్త కారుతో సమానమని మురిసిపోయారు. అడ్వాన్స్ ఇచ్చేశాకే భార్యకు చెప్పారు. ఆమె కోప్పడలేదు. "సరే" అని ఊరుకున్నారు. ఆ "సరే" తనను ఇప్పటికీ వెంటాడుతోందని రాశారు.

ఈ రెండేళ్లలో ఆయన కారు నడిపింది 900 కిలోమీటర్లు. బయటికి తీయాలనుకుంటారు, తాళం చేతిలోకి తీసుకుంటారు, ఎవరైనా గుద్దితే? గీత పడితే? కిలోమీటర్లు పెరిగి విలువ పడిపోతే? అనుకుని తాళం మళ్లీ డ్రాయర్‌లో పెట్టేస్తారు.

మూడుసార్లు ఇబ్బంది వచ్చింది. మొదట బ్యాటరీ పూర్తిగా డౌన్ అయింది. బ్యాటరీ ఉండేది ముందు డిక్కీలో, ఆ డిక్కీ లాక్ పనిచేసేది బ్యాటరీ కరెంటుతోనే. మెకానిక్ వచ్చి ఎలాగో తెరిచి, వేరే బ్యాటరీ కరెంటుతో జంప్ స్టార్ట్ చేశాడు. నాలుగు రోజులకు హైవే మీద గేర్‌బాక్స్ వార్నింగ్ వచ్చి, ఒకే గేర్‌లో ఇరుక్కుపోయి, కారు టోయింగ్ బండెక్కి ఇంటికొచ్చింది. పోయిన నెల కారు కింద గులాబీ రంగు మరక, తియ్యటి వాసన. పైకి లేపి చూస్తే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, వెళ్లే గొట్టం లీకవుతోంది, దాని పక్కన వైరింగ్‌ని ఎలుకలు కొరికేశాయి. గేర్‌బాక్స్‌తో సహా అన్నిటికీ వర్క్‌షాప్ వాళ్లిచ్చిన ఎస్టిమేట్ చూసి ఆ రాత్రి నిద్రపట్టలేదట. పైగా అక్కడి మెకానిక్ అన్న మాట: "ఇలాంటి కార్లు అంతే సార్, భరించాలి."

ఇక గ్యారేజ్. ఇంటికి ఆనుకునే ఉంది, ఒకటే షట్టర్. స్పోర్ట్స్ కారు వచ్చాక భార్య కారు ఎండకీ వానకీ బయటే ఉంటోంది. పిల్లల సైకిళ్లు నడవాలోకి చేరాయి. గ్యారేజ్ వెనక గోడ చెమ్మ పట్టి పెయింట్ పెచ్చులూడుతోంది. కారు మీద మందపాటి ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పుతారు. "ఇంజన్ బతికి ఉండాలి కదా" అని ప్రతి ఆదివారం షట్టర్ సగం ఎత్తి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచుతారు. గ్యారేజ్ పైగది వాళ్లమ్మాయిది.

పోయిన నెల భార్య ఒక మాటన్నారు. "ఈ ఇంట్లో ఆ కారుకో గది ఉంది. నాకు లేదు."

అమ్మేయాలా? రిపేర్ చేయించి ఉంచుకోవాలా? బయటెక్కడైనా అద్దె స్థలంలో పెట్టాలా? గ్యారేజ్‌లోనే కారు మీద కారు నిలిపే లిఫ్ట్ పెట్టించాలా? అసలు కొనడమే తప్పా? ఇవీ ఆయన ప్రశ్నలు.

సమాధానం

మీ ప్రశ్నల దగ్గరికి తర్వాత వస్తాను. ముందు ఆ ఆదివారం ఐదు నిమిషాలు. దాన్ని ఈ వారం నుంచే ఆపేయండి.

చల్లగా ఉన్న ఇంజన్‌కు పెట్రోల్ ఎక్కువగా అందుతుంది. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సుమారు 250 నుంచి 300 డిగ్రీల వేడెక్కితే గాని పని మొదలుపెట్టదు. అంటే మీరు స్టార్ట్ చేసి ఉంచే సమయంలోనే కార్బన్ మోనాక్సైడ్ బాగా ఎక్కువగా వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. సగం ఎత్తిన షట్టర్ దాన్ని బయటికి పంపేస్తుందని నమ్మడానికి లేదు. తలుపు సందుల్లోంచి, పైకప్పులో పైపులూ వైర్లూ వెళ్లే కంతల్లోంచి అది పైగదికి పాకుతుంది. ఆ గదిలో మీ అమ్మాయి నిద్రపోతూ ఉంటుంది. ఆమెకు ఎప్పుడైనా ఆదివారం తలనొప్పి, వికారం, మత్తుగా ఉండటం జరిగిందేమో గుర్తు చేసుకోండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొని పడకగదుల దగ్గర పెట్టండి. ఇకమీదట ఇంజన్ స్టార్ట్ చేస్తే వెంటనే కారు బయటికి రావాలి. కూలెంట్ లీక్ బాగయ్యేదాకా అదీ వద్దు.

మీరు ప్రేమతోనే చేశారు, నాకు తెలుసు. కానీ ఆ ఐదు నిమిషాలు ఇంజన్‌కు కూడా మంచివి కావు. ఒక లీటరు పెట్రోల్ కాలితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఇంజన్ బాగా వేడెక్కితే ఆ ఆవిరి బయటికి పోతుంది. వేడెక్కకముందే ఆపేస్తే సైలెన్సర్‌లోనూ ఇంజన్ లోపలా నీరుగా మారి మిగిలిపోతుంది. కాలని పెట్రోల్ కొంత ఆయిల్‌లో కలుస్తుంది. స్టార్ట్ చేయడానికి బ్యాటరీ నుంచి తీసుకున్న ఛార్జ్ కూడా పూర్తిగా తిరిగి చేరదు. రెండేళ్లుగా వారం వారం ఇదే జరిగింది కాబట్టి, ఏ దారి ఎంచుకున్నా ముందు ఇంజన్ ఆయిల్ మార్పించండి.

ఇప్పుడు ఆ మూడు ఇబ్బందులు. "ఇలాంటి కార్లు అంతే" అన్న మాట మీ మనసులో బాగా నాటుకుపోయినట్టుంది. నేను మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ మాట నిజమని నాకు అనిపించలేదు.

బ్యాటరీ సంగతి తీసుకోండి. తాళం వేసి ఉన్నా కారు పూర్తిగా నిద్రపోదు. అలారం, కీ సిగ్నల్ కోసం కాచుకుని ఉండే యూనిట్, లోపలి కంప్యూటర్లు కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. అది 50 మిల్లీ ఆంపియర్లే అనుకుందాం. రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు, నెలకు 36. మీ కారులో ఉన్నది 70 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అయితే నెల తిరిగేసరికి సగం ఖాళీ. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 ఓల్టుల పైన చూపిస్తుంది. 12 ఓల్టుల దగ్గరికొచ్చిందంటే దాదాపు అడుగంటినట్టే. అలా అడుగంటి రోజుల తరబడి ఉంటే లోపలి పలకల మీద సల్ఫేట్ గట్టిపడి, తర్వాత ఎంత ఛార్జ్ చేసినా బ్యాటరీ మునుపటిలా పట్టదు. ఇందులో మీ కారు తప్పేం లేదు. నెలల తరబడి కదలకుండా నిలబెడితే ఏ కారైనా ఇంతే.

గేర్‌బాక్స్ విషయంలో నన్ను ఆపింది మీరు యథాలాపంగా రాసిన ఒక వివరం. జంప్ స్టార్ట్ చేసిన నాలుగో రోజున వార్నింగ్ వచ్చింది. డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్‌ను నడిపించేది కంప్యూటర్, వాల్వులు, సెన్సర్లు. ఓల్టేజ్ పడిపోతే వాటి లెక్కలు తప్పుతాయి, కంప్యూటర్ లేని జబ్బును ఉందని నమోదు చేసి, గేర్‌బాక్స్‌ను కాపాడుకోవడానికి ఒక గేర్‌లో బిగదీసుకుంటుంది. మీ విషయంలో జరిగింది ఇదేనని నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను. నిజంగానే లోపల ప్రెషర్ సెన్సర్ గానీ సీల్ గానీ పాడై ఉండొచ్చు. కానీ తెలుసుకునే మార్గముంది. లోపాన్ని గుర్తించే ఫాల్ట్ కోడ్‌తో పాటు ఆ క్షణాన ఓల్టేజ్ ఎంతుందో కూడా చాలా కార్ల కంప్యూటర్లు రాసి పెట్టుకుంటాయి. ఆ వివరం ప్రింట్ తీసి ఇమ్మని అడగండి. ఎస్టిమేట్‌లో పెద్ద అంకె గేర్‌బాక్స్‌దేనని మీరే రాశారు. కొత్త బ్యాటరీ వేసి, కోడ్లు చెరిపి, కూలెంట్ లీక్ సరిచేశాక కారును నడిపించి, మళ్లీ అదే కోడ్ వస్తుందేమో చూడకుండా గేర్‌బాక్స్ విప్పడానికి ఒప్పుకోకండి. వస్తే గనక, ఆ మోడల్ గేర్‌బాక్స్‌లే విప్పి బాగుచేసే స్పెషలిస్ట్‌కు చూపించి రెండో అభిప్రాయం తీసుకోండి. మొత్తం మార్చాలని ఒకరు చెప్పిన చోట, ఒక్క సెన్సర్ మారిస్తే చాలని ఇంకొకరు నిరూపించిన సందర్భాలున్నాయి.

కూలెంట్ లీక్ మాత్రం నిజమైన రిపేరే, అందులో బేరం లేదు. ఇంజన్ వెనక ఉండే కార్లలో రేడియేటర్లు చాలావరకు ముందుంటాయి, గొట్టాలు కారు పొడవునా వెళ్తాయి. తొమ్మిదేళ్లకు రబ్బరు గట్టిపడి బిగింపుల దగ్గర చీలుతుంది. కారిన ఒక్క గొట్టమే మార్చి పంపిస్తే ఆర్నెల్లకు పక్కది కారుతుంది. అందుబాటులో ఉన్నవన్నీ ఒకేసారి మార్పించండి. నింపేటప్పుడు లోపల గాలి మిగలకుండా వ్యాక్యూమ్ పద్ధతిలో నింపుతారా అని అడగండి. అంత పొడవు గొట్టాల్లో గాలి బుడగ చిక్కుకుంటే ఇంజన్ వేడెక్కిపోతుంది, ఇంజన్ పైభాగంలో ఉండే అల్యూమినియం హెడ్ వంగితే వచ్చే ఖర్చు ముందు ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఎస్టిమేట్ చిన్నదే.

ఎలుకల సంగతి నాకు స్వయంగా తెలుసు. ఒకప్పుడు నా దగ్గరా ఇలాంటి కారుండేది. నాలుగు నెలల తర్వాత ఇంజన్ మూత తీస్తే, మూత లోపల అంటించిన దళసరి ఫెల్ట్‌ని పీచుపీచుగా లాగి ఇంజన్ మీద గుండ్రంగా గూడు కట్టుకుని ఉంది. గూడు మధ్యలో మెత్తగా, అరచేతి వెడల్పు గుంట. పక్కనే వైర్ల మీద సన్నటి పంటి గాట్లు, లోపలి రాగి తీగ మెరుస్తోంది. అంత కోపంలోనూ ఆ గూడు ఎంత శ్రద్ధగా కట్టిందో చూస్తూ నిలబడిపోయాను. కదలని కారు ఎలుకకు వెచ్చటి ఇల్లు. షట్టర్ కింద రబ్బరు పట్టీ వేయించండి, గోడల్లో కంతలను స్టీల్ ఉన్నితో మూయండి, తినే వస్తువులేవీ గ్యారేజ్‌లో ఉంచకండి, బోన్లు పెట్టండి. విషం పెడితే అది ఏ మూలకో దూరి చచ్చిపోయి, నెల రోజులు కంపు కొడుతుంది.

మూడింటినీ కలిపి చూడండి. కారు ఎక్కువ నడిపినందువల్ల వచ్చింది ఒక్కటీ లేదు. 14,200 కిలోమీటర్లు చూసి మీరు మురిసిపోయారు గానీ, ఏడేళ్లలో అన్నే తిరిగిందంటే ఆ కారు అప్పటికే ఎక్కువకాలం నిలబడి గడిపిందని అర్థం. మీ దగ్గరికొచ్చాక ఇంకా ఎక్కువ నిలబడింది. మడత విప్పని పట్టుచీర మడత దగ్గరే చినుగుతుందంటారు కదా, రబ్బరు సీళ్లూ అలాగే. ఆయిల్ తగులుతూ ఉంటే మెత్తగా ఉంటాయి, తగలకపోతే ఎండి కారతాయి.

సర్వీస్ లెక్కల్లోనూ కిలోమీటర్లతో పాటు కాలం నడుస్తూనే ఉంటుంది. ఫెరారీ తన కొత్త కార్లతో కలిపి ఇచ్చే ఏడేళ్ల మెయింటెనెన్స్ పథకంలో కూడా సర్వీస్ గడువు 20,000 కిలోమీటర్లు లేదా ఏడాది. ఏది ముందొస్తే అది. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. మీ కారుకున్న వేగానికి బ్రేకులు ఎంత వేడెక్కుతాయో ఆలోచించండి. రెండేళ్లకోసారి అది మార్చాల్సిందే, బండి గడప దాటకపోయినా.

టైర్లు "కొత్తవాటిలా ఉన్నాయి, ట్రెడ్ అంతా అలాగే ఉంది" అని రాశారు. ఇవాళే టార్చ్ తీసుకుని వెళ్లి టైర్ పక్క గోడ మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివర చిన్న గడిలో ఉన్న నాలుగంకెలు చదవండి. అవి 1116 అయితే 2016వ సంవత్సరం 11వ వారంలో తయారైందని. ఆ గడి కొన్నిసార్లు లోపలివైపు ఉంటుంది, వంగి చూడాలి. ట్రెడ్ ఎంతున్నా రబ్బరు వయసుతో గట్టిపడుతుంది. ఐదేళ్లు దాటితే ఏటా నిపుణులతో చూపించమని, తయారై పదేళ్లయితే మార్చేయమని చాలా టైర్ కంపెనీలే చెబుతాయి. అంత శక్తి ఉన్న కారులో, తడి రోడ్డు మీద, పాత టైర్లతో వెళ్లడం నేను ఒప్పుకోను.

అలాగని ఇవి మామూలు కార్లంత తేలికని చెప్పను. టైర్లు, బ్రేకులు త్వరగా అరుగుతాయి, ప్రతి స్పేర్ పార్ట్ ఖరీదైనదే. కానీ అరుగుదల వేరు, పాడైపోవడం వేరు. ఆ మెకానిక్ రెండింటినీ ఒకే మాటలో కట్టేశాడు. 1990లో హోండా ఎన్ఎస్ఎక్స్ అనే స్పోర్ట్స్ కారు వచ్చాక, ఇంజన్ మధ్యలో ఉన్న కారును కూడా రోజూ ఆఫీసుకు నడపొచ్చని అందరూ చూశారు. మరోవైపు ఫెరారీ ఎఫ్355లో ఇంజన్ వాల్వులు సమయానికి తెరుచుకునేలా చూసే టైమింగ్ బెల్ట్ మార్చాలంటే ఇంజన్ మొత్తం కిందికి దించాల్సిందే. 2004లో వచ్చిన ఎఫ్430లో బెల్ట్ తీసేసి చైన్ పెట్టారు. ప్రతి మోడల్‌కూ ఒకటో రెండో తెలిసిన బలహీనతలుంటాయి. మీ కారువేమిటో ఆ మోడల్‌నే చూసే స్పెషలిస్ట్‌కు కంఠతా వచ్చు. ఒక గంట ఆయన సమయానికి డబ్బిచ్చి, "ఇందులో ముందుగా ఏది పోతుంది, దాన్ని ఇప్పుడే ఆపొచ్చా" అని అడగండి. ఈ రెండేళ్లలో మీరు ఈ పని చేయలేదు. మీ భయానికి ఇది చాలా పెద్ద మందు.

గ్యారేజ్ గురించి. టార్పాలిన్ ఇవాళే తీసేయండి. నేల నుంచీ గోడ నుంచీ వచ్చే తేమ దాని కింద చిక్కుకుని రాత్రి చల్లబడగానే చెమటలా కారు మీదే దిగుతుంది. గాలి ఆడే మెత్తటి బట్ట కవర్ వాడండి, అదీ కారు శుభ్రంగా ఉన్నప్పుడే. దుమ్ము మీద కవర్ లాగితే అది ఉప్పు కాగితంలా పనిచేస్తుంది. చెమ్మ గోడ నుంచి మాత్రమే వస్తోందా, నేల నుంచి కూడానా తెలుసుకోవడానికి సులభమైన పరీక్ష ఉంది. మూరెడు పొడవు, మూరెడు వెడల్పు పలచటి ప్లాస్టిక్ షీట్‌ని కాంక్రీట్ మీద పరిచి, నాలుగు అంచులూ టేపుతో బిగించి, 16 గంటలు వదిలేయండి. షీట్ అడుగున నీటి బొట్లున్నా, కాంక్రీట్ నల్లబడినా నేల చెమ్మ పీలుస్తోందన్నట్టే. అప్పుడు గోడకు పెయింట్ వేయించి లాభం లేదు, నేలకు సీలింగ్ కోటింగ్ కావాలి. ఒక చిన్న తేమ మీటర్ గోడకు తగిలించి చూస్తూ ఉండండి. 60 శాతం దాటి ఉంటోందంటే తుప్పుకు దారి ఇచ్చినట్టు. 50 దగ్గర ఉంచగలిగితే మంచిది. చెమ్మ మూలం ఆపాకే డీహ్యూమిడిఫయర్ కొనండి, లేకపోతే అది గోడలోని నీళ్లు తోడుతూ కూర్చుంటుంది.

నిలిపి ఉంచినన్నాళ్లూ బ్యాటరీకి మెయింటెయినర్ ఛార్జర్ తగిలించి ఉంచండి. అది అవసరమైనప్పుడు ఛార్జ్ చేసి, నిండగానే తగ్గిపోతుంది. మీ కారులో ఉన్నది లిథియం బ్యాటరీ అయితే దానికి సరిపడే ఛార్జరే వాడాలి. నెలకు మించి నిలిపే పనైతే హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంచకండి. బ్రేక్ ప్యాడ్ డిస్క్‌కు అతుక్కుపోతుంది. చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టండి. టైర్లలో గాలి కంపెనీ చెప్పిన హద్దు లోపలే కొంచెం ఎక్కువ పెట్టి, బయటికి తీసేముందు మామూలుకు తగ్గించండి.

కారు మీద కారు నిలిపే నాలుగు స్తంభాల లిఫ్ట్ గురించి అడిగారు. అది మీ ఇంటి గొడవను అందంగా తీర్చగలదు, ఎత్తుంటే. మీ కారు ఎత్తు 1.2 మీటర్లు, మీ భార్య కారు 1.5 అనుకుంటే, ప్లాట్‌ఫాం మందం, పైనా కిందా ఖాళీ కలిపి మూడు మీటర్లు దాటుతుంది. షట్టర్ చుట్ట పైన ఎంత స్థలం తింటుందో కూడా కొలవండి. నేల కాంక్రీట్ ఆ బరువు ఆపుతుందో లేదో ఇంజనీరు చూసి చెప్పాలి. పైన మీ అమ్మాయి గది ఉందంటే పైకప్పు మరీ ఎత్తు ఉండదని నా అనుమానం.

ఇక మీ భార్య అన్న మాట. ఆమె "కారు అమ్మేయండి" అనలేదు, గమనించారా? తనకు గది లేదన్నారు. అడ్వాన్స్ ఇచ్చాక చెప్పడంతో మొదలైన విషయం ఇది. నిర్ణయంలో ఆమెకు చోటు లేదు, తర్వాత గ్యారేజ్‌లోనూ చోటు పోయింది. ఆ స్థలం తీసుకున్న వస్తువును మీరు సంతోషంగా వాడుకోవడం కూడా ఆమె చూడలేదు. రెండేళ్లుగా ఆమె చూసింది టార్పాలిన్, ఎస్టిమేట్లు, మీ నిద్రలేని మొహం. నేను ఆమె స్థానంలో ఉన్నా అలాగే అనేదాన్ని. ఈ రెండేళ్లలో ఆమె ఎన్నిసార్లు ఆ పక్క సీటులో కూర్చున్నారో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఎస్టిమేట్ ఎంతో ఆమెకు పూర్తిగా చెప్పారా అన్నదీ లేదు. ఏం చేయాలో తేల్చుకుని ఆమెకు చెప్పడం ఈసారి వద్దు. కాగితాలన్నీ టేబుల్ మీద పెట్టి, తేల్చుకోకముందే కూర్చోండి. అడగకుండా కొన్నందుకు సారీ చెప్పండి, దాని వెంట "కానీ" అనకండి.

దారులు నాకు కనిపించినంతవరకు చెబుతాను.

రిపేర్ చేయించి, నిజంగా నడపడం ఒకటి. రెండు వారాలకోసారైనా కనీసం నలభై నిమిషాలు. కూలెంట్ వేడి చూపే ముల్లు మధ్యకొచ్చినా ఆయిల్ ఇంకా చల్లగానే ఉంటుంది కాబట్టి ఆయిల్ 80 డిగ్రీలు దాటేదాకా మెల్లగా, ఆ తర్వాత మీ కారును దాని గొంతుతో పాడనివ్వండి. దీనికి మీరు చెల్లించేది డబ్బు మాత్రమే కాదు. ఏదో ఒక రోజు రాయి తగిలి బానెట్ మీద చుక్కంత పెయింట్ లేస్తుంది, దాన్ని తట్టుకోవాలి. విలువ గురించి మీ భయంలో కొంత నిజముంది, కిలోమీటర్లు పెరిగితే ధర కొంత తగ్గుతుంది. కానీ తెలిసిన కొనుగోలుదారు రెండేళ్లలో 900 కిలోమీటర్లు చూసి సంతోషించడు, "ఎందుకు నిలబెట్టారు?" అని అడుగుతాడు. ఏటా సర్వీస్ బిల్లులున్న, తిరుగుతున్న కారు గురించి అతనికి ఆ ప్రశ్న రాదు. ఈ దారిలో వెళ్తే ఏడాది రిపేర్లకు ఇద్దరూ కలిసి ఒక హద్దు అంకె రాసుకోండి. అది దాటితే అమ్మకం గురించి మళ్లీ మాట్లాడుకోవాలని కూడా రాసుకోండి.

రిపేర్ చేయించి అమ్మడం రెండోది. ఫాల్ట్ కోడ్ల రిపోర్టు, కొత్త గొట్టాలు, బ్యాటరీ, బిల్లులు అన్నీ ఫైల్‌లో పెట్టి, గేర్‌బాక్స్ కథ దాచకుండా చెప్పి అమ్మితే పరువుగా బయటపడతారు. ఉన్నదున్నట్టుగా స్పెషలిస్ట్ డీలర్‌కు ఇచ్చేయొచ్చు కూడా, టెన్షన్ వారంలో తీరుతుంది, కానీ తెలియని గేర్‌బాక్స్ జబ్బును అతను అన్నింటికన్నా చెడ్డదిగానే లెక్కగట్టి ధర తగ్గిస్తాడు. అమ్మితే కొన్నాళ్లు గుండెలో ఖాళీగా ఉంటుంది. తట్టుకోలేనిదేం కాదు. నేను నాది అమ్మాను. ఇప్పటికీ అలాంటి శబ్దం వినిపిస్తే తల తిప్పి చూస్తాను, అయినా ఆ నిర్ణయానికి బాధపడలేదు.

మూడోది అద్దె స్టోరేజ్. గ్యారేజ్ మీ భార్యకు మర్నాడే తిరిగొస్తుంది, ఇది చిన్న విషయం కాదు. మంచి చోట తేమ అదుపులో ఉంటుంది, ఛార్జర్ ఉంటుంది, టైర్ల గాలి చూస్తారు. ఎప్పుడు పడితే అప్పుడు తీసుకోవచ్చా, కారు ఎవరు కదుపుతారు, అగ్నిప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిదన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. కారు ఉండే అడ్రస్ మారితే ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే చెప్పండి, లేకపోతే క్లెయిమ్ రోజున గొడవవుతుంది. ఈ దారిలో నా భయం ఒకటే. మెట్లు దిగితే ఉన్న కారునే మీరు రెండేళ్లలో 900 కిలోమీటర్లు నడిపారు. అరగంట దూరంలో ఉంటే ఎంత నడుపుతారు?

ఇప్పుడున్నట్టే ఉంచడం కూడా ఒక దారే. రిపేర్ చేయించకుండా, అమ్మకుండా, కవర్ కప్పి వచ్చే ఏడాది చూద్దామనుకోవడం. కారుకూ ఇంటికీ రెంటికీ అన్నిటికన్నా ఖరీదైనది ఇదే. దీన్ని మాత్రం వద్దని గట్టిగా చెబుతాను.

మీరు ఎంచుకునే దారి ఏదైనా మొదటి అడుగులు ఒకటే: బ్యాటరీ, కూలెంట్ గొట్టాలు, కొరికిన వైరింగ్, ఆయిల్. అవి చేయించాక ఆర్నెల్లు నడిపి చూసి తేల్చుకుంటానంటే అది నాకు సబబుగానే కనిపిస్తుంది. ఆ ఆర్నెల్లూ వానలు పడే రోజుల్లో గ్యారేజ్ ఎవరిదో మాత్రం ముందే మాట్లాడుకోండి.

కొనడమే తప్పా అని అడిగారు. కారును కోరుకోవడం తప్పు కాదు. ఇన్నేళ్లు మనసులో దాచుకున్నదాన్ని సొంత కష్టంతో తెచ్చుకున్నారు. మీ భార్యను అడగకుండా తెచ్చుకోవడం తప్పే, దాన్ని మీరిద్దరూ సరిచేసుకోగలరు. కొన్నాక భయపడి దాచిపెట్టడం వల్ల కారూ పాడైంది, మీ సంతోషమూ పోయింది. అది కూడా సరయ్యేదే, గొట్టాలు మార్చినంత తేలిక కాకపోయినా.

ఫాల్ట్ కోడ్ల ప్రింట్ చేతికొచ్చాక మళ్లీ రాయండి. ఓల్టేజ్ ఎంత చూపించిందో, టైర్ మీద ఏ నాలుగంకెలున్నాయో కూడా రాయండి. గేర్‌బాక్స్ విషయం అప్పుడు ఇంకొంచెం గట్టిగా మాట్లాడుకోవచ్చు.